తిలా పాపం తలా పిడికెడు కాదు: ఒక చెక్ సినిమా, ఒక అడవి, ఒక చట్టం

1946 మే 8న, రెండో ప్రపంచ యుద్ధం యూరప్‌లో ముగిసి ఏడాది నిండిన రోజున, చెకొస్లొవాకియా 115వ నంబరు చట్టం చేసింది. దాని సారం ఇది: 1938 సెప్టెంబరు 30 నుంచి 1945 అక్టోబరు 28 దాకా, దేశ స్వాతంత్ర్యం కోసం చేసిన పనులుగానీ, ఆక్రమణదారుల మీదా వాళ్ళకు తోడ్పడినవాళ్ళ మీదా న్యాయమైన ప్రతీకారంగా చేసిన పనులుగానీ, మామూలు రోజుల్లో శిక్షపడేవే అయినా సరే, చట్టవిరుద్ధం కావు.

ఆ తేదీలు చూడండి. జర్మనీ లొంగిపోయింది మే మొదటి వారంలో. చట్టం గొడుగు పట్టింది అక్టోబరు ఆఖరు వరకు. మధ్యలో ఉన్న ఐదున్నర నెలల్లో తుపాకీ పట్టినవాడికి ఎదురుగా నిలిచింది సైన్యం కాదు. చేతికి తెల్లపట్టీ కట్టించిన జర్మన్ మాట్లాడే పౌరులు, ముసలివాళ్ళు, పిల్లలు. ఆ నెలల్లో జరిగిన హత్యల్లో కొన్నిటి మీద కేసులు నడిచినా, ఎక్కువ భాగం ఈ చట్టం నీడలోకి జారిపోయాయి.

కోర్టు తలుపు వేశాక ఇరవై ఏళ్ళకు ఒక సినిమా అదే కేసును తెరిచింది. అదీ ఊళ్ళో కాదు, అడవిలో. 1966లో వచ్చిన ఆ సినిమా పేరు 'కోచార్ దో వీద్‌న్యే', అంటే వియన్నాకు పోయే బండి. దర్శకుడు కారెల్ కహీన్యా, రచన యాన్ ప్రొహాస్కా, కెమెరా యొసెఫ్ ఇల్లీక్. నేరం, అపరాధభావం, ప్రకృతి అన్న మూడు మాటలు ఏ సినిమా గురించి రాసినా కలిపి వాడేస్తారు. ఈ సినిమాలో ఆ మూడింటికీ మధ్య ఉన్న సంబంధం సాధారణంగా చెప్పుకునే దానికి సరిగ్గా తలకిందులుగా ఉందని నా వాదన.

సాధారణంగా చెప్పుకునేది ఏమిటంటే: యుద్ధం మనుషుల్ని మృగాల్ని చేసింది, అడవి వాళ్ళని మళ్ళీ మనుషుల్ని చేసింది, ప్రకృతి ఒడిలో పగ కరిగిపోయింది. మనకు ఈ మాట ఇంకా తొందరగా నచ్చుతుంది. అడవి అంటే మన ఊహలో తపోవనం, వనవాసం. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఏదో ఒకటి వదిలించుకుని వస్తారు. కహీన్యా అడవిలో ఎవరూ ఏదీ వదిలించుకోరు. అక్కడ నేరం ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతుంది, అంతే.

కథ మూడు ముక్కల్లో చెప్పొచ్చు. యుద్ధం చివరి రోజులు. క్రిస్ట అనే పల్లెటూరి యువతి భర్తను జర్మన్లు ఉరి తీశారు. అతని నేరం కొన్ని సిమెంటు బస్తాల దొంగతనం. ఆ వెంటనే ఇద్దరు ఆస్ట్రియన్ సైనికులు ఆమె దగ్గరికి వస్తారు. ఒకడు కుర్రాడు, పేరు హాన్స్. ఇంకొకడు గాయపడ్డ గుంథర్. గుర్రబ్బండి కట్టి అడవి దారిన మమ్మల్ని సరిహద్దు దాటించమంటారు. ఆమె బండి కడుతుంది. వాళ్ళ కంటపడకుండా ఒక గొడ్డలి కూడా దాచుకుంటుంది.

ఇక్కడి నుంచి సినిమా దాదాపుగా ఒక బండి, ముగ్గురు మనుషులు, చెట్లు. నిడివి గంటన్నర కూడా లేదు. క్రిస్టగా ఇవా యాన్జురొవా దాదాపు నోరు విప్పదు. హాన్స్‌గా యారొమీర్ హన్జ్లీక్ నోరు మూయడు. అతను మాట్లాడేది జర్మన్. వెనకాల పడుకున్న గుంథర్‌గా లుద్యెక్ మున్జార్ మూలుగుతూ అనుమానంగా చూస్తుంటాడు.

ఈ సినిమాను చూసే పద్ధతి ఒకటుంది. భావాలను పక్కన పెట్టి వస్తువులను లెక్కపెట్టడం. మొదట్లో ఆయుధాలన్నీ ఇద్దరు సైనికుల దగ్గర ఉన్నాయి, క్రిస్ట దగ్గర ఉన్నది ఒక్క గొడ్డలి. దారి పొడుగునా ఆమె వాళ్ళ ఆయుధాలను ఒక్కొక్కటిగా, కళ్ళు కప్పి, బండి మీద నుంచి జారవిడుస్తుంది. దిక్సూచి కూడా పోతుంది. ప్రతి వస్తువూ పోయినప్పుడల్లా బండి మీద బలాబలాలు కొంచెం మారతాయి. చంపడానికి కావలసిన ఏర్పాట్లన్నీ ఒక ఇల్లాలు ఇంటిపని చేసినంత శ్రద్ధగా, ఒకదాని తర్వాత ఒకటి చక్కబెడుతుంది. కోపం ఎక్కడా పైకి పొంగదు. మెలోడ్రామాలో పగ కళ్ళలో కనిపిస్తుంది. ఇక్కడ చేతుల్లో కనిపిస్తుంది.

చట్టం మాటల్లో చెప్పాలంటే ఇది ముందుగా ఆలోచించి చేసే హత్యకు సన్నాహం. 115వ నంబరు చట్టం మాటల్లో అయితే న్యాయమైన ప్రతీకారం. ప్రేక్షకుడు రెండో మాటవైపే ఉంటాడు. భర్త శవం ఇంకా చల్లారలేదు మరి. కహీన్యా ప్రేక్షకుణ్ణి అలా ఉండనిస్తాడు, ఆపడు. గొడ్డలి ఎప్పుడు దిగుతుందా అని మనమే ఎదురుచూసేలా చేస్తాడు. ఆ ఎదురుచూపు తర్వాత ఎవరి ఖాతాలో పడుతుందన్నదే ఈ సినిమా అడిగే అసలు ప్రశ్న.

అడవి చేసే పనికి వద్దాం. అది మూడు పనులు చేస్తుంది, మూడూ తీసివేతలే.

మొదటిది దిక్కు. రోడ్డు మీద ప్రయాణానికి ముందూ వెనకా ఉంటాయి. అడవి దారిలో, దిక్సూచి పోయాక, అవి ఉండవు. వియన్నా అన్న గమ్యం పేరులోనే మిగిలింది. బరువెక్కిన గుర్రబ్బండి నడక మనిషి నడక కంటే పెద్ద వేగం కాదు, గంటకు ఐదు కిలోమీటర్లు పోతే గొప్ప. తరుముకొస్తున్న శత్రువు ఉన్నప్పుడు ఆ వేగం హాస్యాస్పదం. కానీ దర్శకుడికి కావలసింది అదే. పారిపోయే కథలన్నీ వేగం మీద నడుస్తాయి. ఇందులో పారిపోవడం అంటే ముగ్గురు ఒకరి పక్కన ఒకరు గంటల తరబడి కూర్చోవడం. చంపాలనుకున్నవాడి తలను, మెడను, నిద్రను అంతసేపు దగ్గర నుంచి చూడాల్సి రావడం.

రెండోది చూపు. ఇక్కడ ఇల్లీక్ పనితనం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. సినిమా నలుపు తెలుపు, ఫ్రేము వెడల్పు తెర. అంత అడ్డంగా పరుచుకున్న ఫ్రేములో నిలువుగా ఉండే చెట్లను తీయడం పెద్ద చిక్కు. మైదానాలకూ గుర్రపు దళాలకూ పనికొచ్చే ఆకారం అది. అడవిలో పెడితే ఫ్రేము కంచెలా కనిపిస్తుంది, ఎడమ నుంచి కుడికి వరసగా కమ్ములు. ఇంకో చిక్కు ఏమిటంటే నలుపు తెలుపులో ఆకుపచ్చ, మట్టిరంగు, సైనికుడి దుస్తుల రంగు మూడూ ఒకే బూడిదగా కలిసిపోతాయి. మనుషులు చెట్లలో కరిగిపోతారు. ఛాయాగ్రాహకులు దీనికి చేసే విరుగుడు వెనక నుంచి వెలుగు. పొగమంచు ఉంటే ఆ వెలుగు దానిలో పరుచుకుని, దూరాన ఉన్నదాన్ని తెల్లగా చెరిపేసి, దగ్గరున్నదాన్ని నల్లగా కోసి నిలబెడుతుంది. ముందు నుంచి వెలుగు వేస్తే అదే మంచు సున్నం గోడలా చదునైపోతుంది.

ఈ సినిమాలో పొగమంచు అందం కోసం ఉందని రాసినవాళ్ళు ఒకసారి ఆ మంచు ఏం దాస్తోందో చూడాలి. బండి చుట్టూ పది పదిహేను బారల దూరం తప్ప లోకం లేదు. సాక్షి లేడు. సాక్షి లేని చోట మనిషి ఎలా ఉంటాడన్నది నేరం గురించిన ప్రశ్నల్లో అన్నిటికంటే పాతది. అదే మంచులో ఇంకో సంగతి కూడా ఉంది. ఎవరూ మనల్ని చూడకపోతే, మనకూ ఎవరు వస్తున్నారో కనపడదు.

మూడోది మాట. క్రిస్ట జర్మన్‌కు బదులు చెప్పదు. హాన్స్‌కు చెక్ రాదు. సబ్‌టైటిల్స్‌తో చూసే మనకు హాన్స్ మాటలన్నీ అర్థమవుతాయి కాబట్టి అతను త్వరగా నచ్చేస్తాడు. కానీ క్రిస్ట పక్కన కూర్చుని వింటే అది భర్తను చంపినవాళ్ళ భాషలో ఆగని ధ్వని. ఒకసారి సబ్‌టైటిల్స్ తీసేసి ఓ పదిహేను నిమిషాలు చూస్తే హాన్స్ కొంచెం తక్కువ ముద్దొస్తాడు, క్రిస్ట మౌనం బాగా తెలుస్తుంది. ఆ మౌనంలో మొదట ఉన్నది పగ. తర్వాత ఎప్పుడో అది అలసటగా మారుతుంది. తర్వాత ఇంకేదో. ఆ మారడం ఏ క్షణంలో జరిగిందో యాన్జురొవా చెప్పదు, చెప్పకపోవడమే ఆమె నటనలో గొప్ప.

మాటలు లేనిచోట యాన్ నోవాక్ సంగీతం ఉంది. పేరున్న చెక్ స్వరకర్త మార్టినూ దగ్గర నేర్చుకున్న స్వరకర్త, 1968 తర్వాత దేశం విడిచి వెళ్ళినవాడు. ఇందులో ఆయన ఆర్గన్ వాడాడు. చర్చిలో వినాల్సిన వాద్యాన్ని బురదలో కూరుకుపోతున్న చక్రాల మీద పెడితే ప్రతి చెట్టూ ఏదో చర్చి స్తంభంలా తోచే ప్రమాదం ఉంది. ఇక్కడ నాకు కొంత అభ్యంతరం. చిత్రం చూపించని పవిత్రతను ఆ వాద్యం అక్కడక్కడా బలవంతాన తెచ్చి పెడుతుంది. ప్రకృతి పాపాన్ని కడిగిందన్న వ్యాఖ్యానాలు పుట్టడానికి సగం కారణం ఈ సంగీతమేనేమో.

ఇక మలుపు. చంపే అవకాశం వస్తుంది, క్రిస్ట చంపదు. ఆ రాత్రి ఆమే హాన్సూ దగ్గరవుతారు. ఈ చోటే చాలామంది ఆగిపోయి, సఖ్యత కుదిరింది, మానవత్వం గెలిచింది అని తీర్పు రాసేస్తారు. సినిమా మాత్రం ఆగదు. తెల్లవారేసరికి పార్టిజాన్లు వస్తారు. చెక్ గెరిల్లాలు, ఆమె సొంత మనుషులు, విమోచకులు. హాన్స్‌ను చంపుతారు. శత్రువుతో పడుకున్నదని క్రిస్ట ఒంటి మీద దౌర్జన్యం చేస్తారు. ఆ తర్వాత ఆమె హాన్స్ శవాన్ని బండి మీద వేసుకుని బయలుదేరుతుంది.

దీన్ని చూసి "అందరూ దోషులే, యుద్ధంలో ఎవరూ మంచివాళ్ళు కాదు" అనేయడం సులువు. తిలా పాపం తలా పిడికెడు అని పంచేస్తే ఎవరి వాటా వాళ్ళకు తేలిగ్గానే ఉంటుంది. కహీన్యా, ప్రొహాస్కా వేసిన లెక్క అది కాదు. వాళ్ళు పాపాన్ని పంచలేదు, వరసలో పెట్టారు. కొన్ని బస్తాల సిమెంటుకు ఒక ప్రాణం. ఆ ప్రాణానికి బదులుగా దొరికిన ఇద్దరి ప్రాణాలు తీద్దామని ఒక ఆలోచన. ఆ ఆలోచనను ఒకామె చివరి క్షణంలో వదిలేస్తే, ఆమె వదిలేసినదాన్ని ఆమె పేరు మీదే వేరేవాళ్ళు పూర్తిచేస్తారు. పార్టిజాన్లు చేసింది క్రిస్ట మొదట అనుకున్నదే. అందుకే ఆ ఉదయం అంత భరించరానిదిగా ఉంటుంది. ప్రేక్షకుడు గంటసేపు కోరుకున్నది అప్పుడు జరుగుతుంది, కానీ కోరుకోవడం మానేసిన తర్వాత.

ఇందులో అడవి ఎవరి పక్షమూ కాదు. క్రిస్టకు మరుగిచ్చిన మంచే పార్టిజాన్లకు మరుగిచ్చింది. దిక్సూచి పారేసి సైనికులను దారి తప్పించింది ఆమే, ఆ దారి తప్పడం వల్లే ఆమె కూడా పట్టుబడింది. ప్రకృతి శాంతినిచ్చేదైతే ఈ లెక్క ఇలా కుదరదు.

సినిమాలో లోపాలు లేవా అంటే ఉన్నాయి, చిన్నవి కావు. మొదటిది హాన్స్. మీసాలు కూడా సరిగా రాని కుర్రాడు, నటుడి వయసు అప్పటికి పద్దెనిమిదికి అటూ ఇటూ. పైగా జర్మన్ కాదు, ఆస్ట్రియన్. 1943 మాస్కో ప్రకటనలో మిత్రదేశాలు ఆస్ట్రియాను హిట్లర్ దురాక్రమణకు తొలి బలిగా పేర్కొన్నాయి. యుద్ధం తర్వాత ఆస్ట్రియా దశాబ్దాలపాటు ఆ మాట చాటునే దాక్కుంది. ఆస్ట్రియన్ కుర్రాణ్ణి ఎంచుకోవడంతో దర్శకుడికి క్షమించడం తేలికైపోయింది. అదే బండి మీద నలభై ఏళ్ళ జర్మన్ సార్జెంటును, ఏం చేశాడో మనకు తెలిసినవాణ్ణి కూర్చోబెడితే క్రిస్ట గొడ్డలి బరువు వేరుగా ఉండేది. గుంథర్ పాత్రతో ఆ పని కొంత చేయబోయారు, కానీ అతన్ని గాయంతో పడుకోబెట్టేశారు.

రెండోది ఆడదాని శరీరం. మూడు రకాల మగవాళ్ళ చరిత్రలు, అంటే చంపినవాళ్ళవీ, చచ్చినవాడివీ, విమోచకులవీ, అన్నీ ఆమె ఒంటి మీదే రాసి చూపిస్తారు. 1966లో ఇది ధైర్యం. ఇప్పుడు చూస్తే ఆమెకు సొంతంగా మిగిలింది గొడ్డలి దాచిన ఆ మొదటి భాగమే అనిపిస్తుంది.

ఇలాంటి సినిమా ప్రభుత్వ స్టూడియోలో, కమ్యూనిస్టు పాలనలో ఎలా తీయనిచ్చారన్న సందేహం వస్తుంది. జవాబు యాన్ ప్రొహాస్కా. ఆయన తిరుగుబాటుదారు కాదు, లోపలి మనిషి. పార్టీ కేంద్ర కమిటీలో అభ్యర్థి సభ్యుడు, అధ్యక్షుడు నొవొత్నీకి దగ్గరివాడు. కహీన్యాతో కలిసి 1965లో తీసిన 'అత్ ఝియె రెపుబ్లికా' విమోచన ఇరవయ్యో వార్షికోత్సవాల సినిమా. వేడుక కోసం తీసిన ఆ చిత్రంలో కూడా, జర్మన్లు పోగానే ఊరు ఊరంతా దోపిడీకి దిగడం, ఒక పిల్లవాడు అది చూడటం ఉంటుంది. మరుసటి ఏడాదే గుర్రబ్బండి. పార్టిజాన్ అంటే మచ్చలేని వీరుడన్న చట్రం ఆనాటి రాజ్యానికి పునాది కథల్లో ఒకటి. దాన్ని కొట్టాలంటే బయటివాడి వల్ల కాదు, ఇంటి తాళాలు తెలిసినవాడు కావాలి.

అందుకు ప్రొహాస్కా చెల్లించింది చాలానే. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు వచ్చాక ఆయన పుస్తకాలకూ సినిమాలకూ చోటు లేకుండా పోయింది. ఈ జంట ఆ తర్వాత తీసిన 'ఉహొ', ఒక ఉపమంత్రి ఇంట్లో రహస్యంగా మైకులు పెట్టిన రాత్రి కథ, విడుదలకు ముందే అటకెక్కింది. ప్రజలు దాన్ని చూడగలిగింది 1989 తర్వాతే. 1970లో ప్రభుత్వ టెలివిజన్ ప్రొహాస్కా సొంత సంభాషణల్ని, రహస్యంగా రికార్డు చేసినవాటిని, అవసరమైనట్టు కత్తిరించి ప్రసారం చేసింది. 1971 ఫిబ్రవరిలో ఆయన చనిపోయాడు. నలభై రెండేళ్ళు.

గుర్రబ్బండి పక్కన తప్పకుండా పెట్టి చూడాల్సింది ఫ్రాంతిషెక్ వ్లాచిల్ తీసిన 'ఆడెల్‌హైట్'. వ్లదిమీర్ కెర్నెర్ నవల ఆధారం, వ్లాచిల్‌కు మొదటి రంగుల చిత్రం, 1970 ప్రాంతంలో తెరకెక్కింది. కథ మొదటిది ఆగినచోట మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో వైమానిక దళంలో పనిచేసి వచ్చిన విక్టర్ (పేతర్ చెపెక్) ఉత్తర మొరావియాలో స్వాధీనం చేసుకున్న ఒక జర్మన్ కుటుంబపు భవంతికి బాధ్యుడిగా వస్తాడు. ఆ ఇంటి కూతురు ఆడెల్‌హైట్ (ఎమ్మా చెర్నా) జర్మన్లను నిర్బంధించిన శిబిరం నుంచి రోజూ వచ్చి సొంత ఇంటి నేలను పనిమనిషిగా తుడుస్తుంది. తండ్రి నాజీ, మరణశిక్ష కోసం జైల్లో ఉన్నాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు.

ఇక్కడ నేరం అడవిలో కాదు, దస్తావేజుల్లో ఉంది. 1945లో అధ్యక్షుడు బెనెష్ జారీ చేసిన ఆజ్ఞల వరస తెలిస్తే విక్టర్ చేతిలోని తాళంచెవి అర్థమవుతుంది. మే 19 నాటి 5వ నంబరు ఆజ్ఞ జర్మన్ల ఆస్తులను జాతీయ నిర్వాహకుల చేతిలో పెట్టింది. జూన్ 21 నాటి 12వ నంబరు వాళ్ళ పొలాలను తీసుకుంది. ఆగస్టు 2 నాటి 33వ నంబరు పౌరసత్వం తీసేసింది. అక్టోబరు 25 నాటి 108వ నంబరు మిగిలిన ఆస్తిని జప్తు చేసింది. విక్టర్ మంచివాడే. ఎవర్నీ కొట్టడు. కానీ అతను పడుకునే మంచం, చదివే పుస్తకం, ప్రేమిస్తున్నాననుకునే మనిషి, అన్నీ ఒక రాజముద్ర వల్ల అతనివి అయినవే. క్రిస్ట కథలో బలాబలాలు ఆయుధం ఆయుధంగా మారాయి. ఇక్కడ ఒక్కసారే కాగితం మీద మారిపోయాయి, ఇక ప్రేమతో సరిచేయడం కుదరదు. దాక్కుని ఉన్న ఆమె సోదరుడు బయటపడ్డాక కథ హింసలోకి దిగుతుంది. ఆడెల్‌హైట్ ఉరి వేసుకుంటుంది. విక్టర్ మంచు కప్పిన పొలంలోకి నడిచిపోతాడు. ఆ పొలంలో మందుపాతరలు ఉన్నాయి.

వ్లాచిల్ ప్రకృతికి ఇచ్చిన పని ఆ చివర్లో తెలుస్తుంది. తెల్లటి మంచు ఏమీ రాయని కాగితంలా ఉంటుంది కానీ కింద మనుషులు పాతిపెట్టినవి ఉన్నాయి. నేల అమాయకంగా కనిపించడం మంచు చేసే మోసం. కహీన్యా పొగమంచుతో దాచినదాన్ని ఉదయం బయటపెడతాడు. వ్లాచిల్ బయటపెట్టడు, కాలు పడే దాకా వదిలేస్తాడు. ఇది తీశాక వ్లాచిల్‌కు కొన్నేళ్ళపాటు పూర్తి నిడివి కథాచిత్రం తీసే అవకాశం రాలేదు.

సినిమాలో మట్టి కింద ఉన్నది ఊహ అనుకునేవాళ్ళకు పొస్తొలొప్రతి పేరు చెప్పాలి. ఉత్తర బొహీమియాలోని ఆ చిన్న పట్టణం దగ్గర 1945 వేసవి మొదట్లో జర్మన్ పౌరులను గుంపులుగా కాల్చి పాతిపెట్టారు. 1947లో పార్లమెంటరీ విచారణ జరిగి గోతులు తవ్వితే 763 శవాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని గోతులు ఫెజంట్ పక్షులను పెంచే తోపులో ఉన్నాయి. ఎవరికీ శిక్ష పడలేదు. 1945లోనే జూన్ 18 రాత్రి, మొరావియాలో ప్ర్షెరొవ్ స్టేషన్‌లో ఆగిన రైల్లోంచి జర్మన్, స్లొవాక్ పౌరులను దింపి ఊరవతల 265 మందిని చంపారు. చచ్చినవాళ్ళలో 74 మంది పిల్లలు. చంపిన సైనిక దళానికి ఆజ్ఞ ఇచ్చిన అధికారికి కోర్టు శిక్ష వేసింది, కానీ అతను కొద్ది కాలానికే క్షమాభిక్షతో బయటికొచ్చాడు. జర్మన్ మాట్లాడే జనాన్ని దేశం నుంచి వెళ్ళగొట్టిన ఆ మొత్తం బహిష్కరణలో సుమారు 30 లక్షల మంది దేశం విడిచారు. చెక్, జర్మన్ చరిత్రకారుల ఉమ్మడి కమిషన్ 1996లో ఆ క్రమంలోని మరణాలను 15,000 నుంచి 30,000 మధ్య అంచనా వేసింది.

ఈ అంకెలు చెప్పేటప్పుడు ముందువైపు అంకెలు మరిచిపోవడం ఇంకో రకం మోసం. 1942లో లిదిత్సె ఊరిని నేలమట్టం చేసి మగవాళ్ళందర్నీ కాల్చేసింది జర్మన్ పోలీసులే. క్రిస్ట భర్తను ఉరి తీసిన తాడు గాల్లోంచి ఊడిపడలేదు. కహీన్యా సినిమాలో బస్తాల సిమెంటు మొదట వస్తుంది, పార్టిజాన్లు చివర వస్తారు. ఆ వరస మార్చి చెప్పేవాళ్ళు రెండు దేశాల్లోనూ ఉన్నారు.

ఇక అసలు అభ్యంతరం. నేరాన్ని అడవిలోకి తీసుకెళ్ళడం వల్ల ఒక నష్టం ఉంది: పేర్లు పోతాయి. ఊళ్ళో చంపినవాడు ఫలానా కమ్మరి, ఫలానా పోస్టుమాస్టరు. అడవిలో అతను కేవలం పార్టిజాన్. మంచులోంచి వచ్చి మంచులోకి పోతాడు. అరవైల్లో అంతకంటే చెప్పడానికి వీల్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ అలవాటు తర్వాత కూడా కొనసాగితే, నేరం కూడా ఋతువులాగా వచ్చిపోయిందన్న భావన మిగులుతుంది. వర్షాన్ని ఎవరూ బోనెక్కించరు కదా.

బొహ్దాన్ స్లామా 2020లో తీసిన 'క్రయినా వె స్తీను' ఈ అలవాటుకు ఎదురు తిరిగింది. అది కూడా నలుపు తెలుపే, దానిలోనూ పొలాలు, చెరువులు, చెట్లు ఉన్నాయి. కానీ కెమెరా ఒకే ఊరి చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతుంది. స్థలం వితొరాజ్‌స్కొ, 1920లో ఆస్ట్రియా నుంచి చెకొస్లొవాకియాకు మారిన చిన్న సరిహద్దు ముక్క. అక్కడి జనం ఏ ప్రభుత్వం వస్తే ఆ జాతిగా రాయించుకున్నారు. ఇంట్లో ఒక భాష, దుకాణంలో ఒకటి. 1945 మే 24న ఆ ప్రాంతంలోని తుష్త్ గ్రామంలో 14 మందిని కాల్చేసిన ఘటన ఈ సినిమాకు మూలం. ఇందులో చంపించేది ఊరికి తెలిసిన మనుషులే. ఎవరి పొలం ఎవరికి దక్కుతుందో, పాత అప్పులు ఎవరివో, జాబితాలో పేరు ఎవరు చేర్చారో మనం చూస్తాం. మంచు లేదు. పట్టపగలు, అందరూ నిలబడి చూస్తుండగా జరుగుతుంది.

సినిమాగా చూస్తే స్లామా చిత్రం కహీన్యా చిత్రం కంటే బరువు తక్కువే. పాత్రలు మరీ ఎక్కువ, మొదటి అరగంట ఎవరు ఎవరి అన్నో తేల్చుకోవడానికే సరిపోతుంది. ముఖాలు గుర్తుపెట్టుకోకముందే ఏళ్ళు దాటిపోతాయి. కానీ 115వ నంబరు చట్టాన్ని ఎదురుగా నిలదీసింది అదే. ఆ చట్టంలో 'న్యాయమైన ప్రతీకారం' అన్న మాట వెనక పొలాల సరిహద్దు రాళ్ళు ఉన్నాయని చూపించింది. 2002లో చెక్ రిపబ్లిక్ యూరోపియన్ యూనియన్‌లో చేరే ముందు ఈ చట్టం మీద న్యాయ నిపుణుల అభిప్రాయం అడిగారు. చేరికకు అడ్డు కాదని వాళ్ళు తేల్చారు.

చూడాలనుకునేవాళ్ళకు ఒక సలహా. మూడింటినీ విడుదలైన వరసలో కాకుండా కథలోని కాలం వరసలో చూడండి: ముందు గుర్రబ్బండి, తర్వాత స్లామా, చివర ఆడెల్‌హైట్. యుద్ధం ఆఖరు రోజులు, ఆ మేలోనే ఊరు, తర్వాత వచ్చిన చలికాలం. గుర్రబ్బండికి బ్రిటన్‌లోని సెకండ్ రన్ సంస్థ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో తెచ్చిన డిస్క్ ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే పాత టీవీ కాపీల్లో కొన్నిటిలో ఫ్రేమును రెండువైపులా కత్తిరించేశారు. అవి వద్దు. ఈ సినిమాలో క్రిస్ట చేతులు చాలాసార్లు ఫ్రేము అంచునే ఉంటాయి, అంచు పోతే గొడ్డలి కూడా పోతుంది.